స్లాబు కింద స్తోత్రం

ఆదివారం ఆరాధనలో నేను వాక్యం కన్నా శ్రద్ధగా వినేది ప్రకటనలు. పెళ్లిళ్లు, ఉపవాస ప్రార్థనలు, పోయినవారం ఎవరో మర్చిపోయిన గొడుగు. మొన్న కొత్తది ఒకటి వినిపించింది. మన డబ్బు లోకస్థుల షాపుల్లో ఎందుకు పొయ్యాలి, విశ్వాసి దగ్గరే కొనండి, విశ్వాసికే పని ఇవ్వండి అని. ఆధారం గలతీ పత్రిక 6:10. "విశ్వాసగృహమునకు చేరినవారియెడలను మేలు చేయుదము." అదే వచనంలో అంతకు ముందు "అందరియెడలను" అనే మాట కూడా ఉంది. టైం చాలక వదిలేసి ఉంటారు.

ఈ ప్రకటన రాకముందే నేను విధేయుణ్ణి. ఆ విధేయత మా హాల్లో మొన్నమొన్నటిదాకా చుక్కలు చుక్కలుగా కారింది.

ఒంగోలులో అక్టోబరు, నవంబరు వానల సంగతి మీకు తెలుసు. మా డాబా స్లాబు చెమ్మగిల్లింది. రెండు వీధుల అవతల ఒకాయన ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాడని మా ఆవిడ చెప్పింది. ఆయన నుదుట బొట్టు ఉంది కాబట్టి కెమికల్ కల్తీ అవుతుందని నాకు అనిపించింది. సంఘపెద్ద అయిన కాంట్రాక్టరుకు అప్పజెప్పాను. 38,000 రూపాయలు, మొత్తం ముందే. బిల్లు అడగలేదు. పరలోకంలో రాసి ఉంటుంది కదా.

మొదటి వానకే కారింది. ఫోన్ చేస్తే మర్నాడు వచ్చారు. పాపం, తప్పించుకునే మనిషి కాదు. హాలు మధ్యలో బకెట్టు, చుట్టూ మేము. ఆయన పైకి చూశారు. చాలాసేపు చూశారు. "శోధన బ్రదర్" అన్నారు. డాబా మీదికి వెళతారేమో అని నేను నిచ్చెన తెచ్చాను. ఆయన చెప్పులు విప్పి, "ప్రార్థన చేద్దాం" అన్నారు.

కళ్లు మూసుకున్నాం. ప్రార్థన సృష్టితో మొదలైంది. నోవహు దగ్గరికి వచ్చేసరికి పదినిమిషాలు. ఓడకు లోపటా బయటా కీలు పూసిన సంగతి ఆయనే ఎత్తారు. నాకు ఆశ పుట్టింది. కానీ ఆగకుండా ఎర్రసముద్రంలోకి దిగిపోయారు. మధ్యమధ్య బకెట్టులో టప్, టప్. ఆయన ఆ తాళానికే స్వరం పెంచారు. "ఈ ఇంటి చుట్టూ అగ్ని ప్రాకారం కట్టు తండ్రీ!" నేను అడిగింది అగ్ని ప్రాకారం కాదు, ఒప్పుకున్న రెండో కోటింగ్. "ఆమేన్" అనేసరికి బకెట్టు నిండింది. మా ఆవిడ దాన్ని తీసుకెళ్లి మొక్కలకు పోసింది. కాంట్రాక్టరు గారు టీ తాగి, మేము విశ్వాసంలో బలహీనంగా ఉన్నామని చెప్పి వెళ్లిపోయారు.

వినియోగదారుల కమిషన్‌కు వెళతానని ఫోన్లో అన్నాను. అంతే, మొదటి కొరింథీ ఆరో అధ్యాయం తీశారు. సహోదరుడు సహోదరుడి మీద, అదీ అవిశ్వాసుల ముందు వ్యాజ్యం వేయడమా! ఈ వచనం ఆయనకు నోటికి వచ్చినంత బాగా మా పాస్టరు గారికి కూడా రాదు. పౌలు అదే కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. డేరా కారిందని కొరింథీయులు ఫిర్యాదు చేసినట్టు రెండు పత్రికల్లోనూ లేదు.

ఇక మన విశ్వాసుల షాపు బోర్డుల మీది పేర్లు. యెహోవా యీరే, అంటే యెహోవా చూచుకొనును. బిల్లు, తూకం, కాలం చెల్లిన తేదీ అన్నీ ఆయనే చూసుకుంటాడు. ఎబెనెజరు, అంటే ఇంతవరకు యెహోవా సహాయం చేశాడు. గ్యారంటీ కూడా ఇంతవరకే. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల గ్రంథంలో ఉంది, 11:1. అది ఏ షాపు బోర్డు మీదా నాకు కనబడలేదు.

విశ్వాసికి పని ఇవ్వడానికి కారణం లేదంటారా? ఉంది. మా స్లాబు మీద నిజంగా తాపీ పట్టిన మేస్త్రీదీ మా సంఘమే. వెనక చాప మీద కూర్చుంటాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. కాగితం మీద అతను బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో దళిత క్రైస్తవులకు పెట్టిన గుంపు. ఊరు మాత్రం ఏ ఉత్తర్వూ చదవలేదు. పనికి పిలిచే ముందు "ఏ పేట?" అని అడుగుతుంది. లోకస్థులే అడుగుతారనుకునేరు. ముందు వరస కుర్చీల్లో కూర్చున్నవాళ్లూ అడుగుతారు, స్తోత్రం చెప్పిన నోటితోనే. గలతీ 6:10 పుట్టింది ఇతని కోసం కదయ్యా! మైకు సెట్టు మీద తన పేరు రాయించుకున్న కాంట్రాక్టరు కోసమా?

ఈ ఒంగోలులోనే ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. జాన్ క్లౌ అనే మిషనరీ. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే పని ఆయనే కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజును మనం ఏటా తలుచుకుని, కేకు కోసి, ఫ్లెక్సీ కట్టి, ఆ ఫ్లెక్సీ కట్టిన కుర్రాడి కూలి మాత్రం వచ్చేవారం ఇస్తాం.

మా మేస్త్రీకి పదకొండు రోజుల కూలి ఇంకా రాలేదు. సిమెంటు సగమే ఇచ్చి ఎక్కువ ఇసక కలపమన్నది ఎవరో కూడా అతనే చెప్పాడు, చాలా బతిమాలాక. "బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని యాకోబు 5:4లో ఉంది. సిగ్గులేదా మనకు? కూలి ఎగ్గొట్టినవాడు సాక్ష్యం చెబుతుంటే హల్లెలూయ అని చప్పట్లు కొడుతున్నాం. నేనూ కొట్టాను.

ఒక శనివారం మేస్త్రీని నేరుగా పిలిచాను. సాయంత్రానికి పగుళ్లు చెక్కి, మందు పూసి, వారం తర్వాత మళ్లీ వచ్చాడు. పిట్టగోడ దగ్గర తూము మూసి, డాబా మీద బిందెలతో నీళ్లు నిలబెట్టాడు. నేను అలవాటుగా చేతులు కట్టుకుని కళ్లు మూసుకోబోయాను.

"కిందికెళ్లి చూడండి సార్, కారుద్దేమో" అన్నాడు.