నాయకుణ్ణి తీసేయమన్న ఆ మెసేజ్ గురించి

"బోనులో కోతుల గొడవలు ఆపే ఏడు సూత్రాలు" అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. పంపినవాళ్లకే మళ్లీ వస్తోంది, వాళ్లు మళ్లీ పంపుతున్నారు. రీసస్ కోతుల గుంపు ఉన్నచోట ఈ ఏడూ వరసపెట్టి పాటించారంటే పశువైద్యుడికి చేతినిండా పని దొరుకుతుంది.

మొదటి సూత్రం: "అందరికన్నా బలమైన మగకోతిని తీసేయండి, మిగతావి శాంతిస్తాయి." మిగతా ఆరూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఇంతకీ తీసేది ఎవర్ని? ఎక్కువగా తరిమేదాన్నే నాయకుడనుకుంటారు. పై వరసలో ఉన్న కోతికి తరమాల్సిన అవసరమే తక్కువ. అది నడిచొస్తుంటే ఎదుటిది లేచి చోటిస్తుంది. హోదా తేలాలంటే కొట్లాటలు లెక్కపెట్టి లాభం లేదు. కరిచే పని లేకుండానే ఎవరు ఎవరికి తప్పుకుంటున్నారు, గొడవ లేని వేళ ఎవరు ఎవర్ని చూసి చప్పుడు లేకుండా పళ్లు బయటపెడుతున్నారు అన్నది రాసుకోవాలి. (రెండో సూత్రం ఈ పళ్లు చూసే "నవ్వుతోంది, సంతోషంగా ఉంది" అంటోంది. అది లొంగుబాటు. పదండి.)

సరే, సరైన కోతినే పట్టారనుకుందాం. ఆ పెద్ద మగది చేసే పనుల్లో ముఖ్యమైనది తగవులోకి దిగి, ఎవరి పక్షమూ పట్టకుండా ఇద్దర్నీ విడదీయడం. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో పిగ్‌టెయిల్ మకాక్‌ల (రీసస్‌కు దగ్గరి కోతి జాతి) గుంపు నుంచి ఇలా తగవులు తీర్చే 3 మగవాటిని తాత్కాలికంగా పక్కన పెట్టి చూశారు. గొడవలు పెరిగాయి, ఆటలూ పేలు చూసుకోవడాలూ తక్కువ మంది మధ్యకు కుంచించుకుపోయాయి. పోలీసుని పంపేసి వీధి ప్రశాంతంగా ఉంటుందని ఎదురుచూడటం లాంటిదే ఈ సూత్రం.

పైగా రీసస్ గుంపుకి వెన్నెముక మగది కాదు, తల్లి వంశాలు. కూతురికి తల్లి హోదా వస్తుంది, అక్కచెల్లెళ్లలో మామూలుగా చిన్నదే పైన ఉంటుంది. పై వంశపు పెద్ద ఆడకోతి జబ్బుపడినా, దాన్ని చికిత్సకని బయటికి తీసినా, కింది వంశాలకు సందు దొరుకుతుంది. ముందుగా కనిపించే గుర్తులు చిన్నవి: ఎప్పుడూ తప్పుకునే కోతి తప్పుకోదు, కింది కోతులు పైవాటి మీదికి లేస్తాయి, మగవి చూస్తూ ఊరుకుంటాయి. ఆ తర్వాత ఒక్క పూటలో ఒక కుటుంబం మొత్తం మీద దాడి జరగవచ్చు, ప్రాణాలూ పోవచ్చు. ఓడిన కుటుంబాన్ని మళ్లీ ఆ గుంపులో కలపడం సాధారణంగా కుదరదు. "తీసేయండి" అని రాయడానికి రెండు సెకన్లు చాలు కదా!

ఒకటి ఒప్పుకోవాలి. తీసేయవలసిన మగవి నిజంగానే ఉంటాయి. అదే గుంపులో పై హోదా తల్లికి పుట్టి, నాలుగైదేళ్లు దాటినా అక్కడే ఉండిపోయిన కుర్ర మగవి. అడవిలో అయితే ఆ వయసుకు వేరే గుంపు వెతుక్కుంటూ పోయేవి. ఇక్కడ తలుపు లేదు. తగవు తీర్చాల్సింది పోయి తల్లి తరఫున దిగుతాయి. వాటిని పథకం ప్రకారం మరో గుంపుకి మార్చడం సబబే. మెసేజ్ రాసినాయన బాణం వేసిన దిక్కు మరీ తప్పు కాదు, తగిలించింది మాత్రం తగవులు తీర్చే పెద్దమనిషికి.

మూడోది: "ఒకే పళ్లెంలో పెడితే పంచుకోవడం నేర్చుకుంటాయి." నేర్చుకుంటాయి, ఆకలితో దూరంగా కూర్చోవడం! మేత చోట్లు కోతుల సంఖ్య కన్నా రెండు మూడు ఎక్కువుండాలి, ఒకే కోతి రెండింటికి కాపలా కాయలేనంత దూరంలో ఉండాలి. నేల మీద చెక్కపొట్టు మందంగా పరిచి గింజలు చల్లితే ఇంకా మంచిది. వెతుక్కునే కోతికి కొట్లాటకు తీరిక తక్కువ.

నాలుగోది: "గాయపడ్డదాన్ని పూర్తిగా మానేదాకా ఒంటరిగా ఉంచండి." వారాలు గడిచాక తిరిగొచ్చే కోతి ఆ గుంపుకి పరాయిది. వీలైతే చికిత్స చేసి అదే రోజు వెనక్కి పంపాలి. కుదరకపోతే జాలీ అవతల, గుంపు కంటికి కనపడేలా, ఒక తోడుతో ఉంచాలి. అయితే గాయాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. కోర దిగిన రంధ్రం బొచ్చు కింద చిన్నదిగా కనిపిస్తుంది, లోపల కండ నలిగిపోయి ఉంటుంది. మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే నలిగిన కండలోని పదార్థం మూత్రపిండాలకు చేరిందని అర్థం. సెలైన్ ఎక్కించడం రేపటికి వాయిదా వేసే పని కాదు.

"బోను పెద్దదైతే గొడవలే ఉండవు" అన్నది ఐదోది. 1925లో లండన్ జూలోని మంకీ హిల్ అనే ఆవరణలోకి సుమారు వంద హమద్రియాస్ బబూన్లను (పెద్ద కోతుల్లో ఒక జాతి) వదిలారు, దాదాపు అన్నీ మగవే. ఉన్న కొద్ది ఆడవాటి కోసం జరిగిన చావులు ప్రసిద్ధం. చోటు కన్నా ఎవరెవర్ని కలిపారన్నదే ముఖ్యం. ఉన్న చోటులోనే చూపుకు అడ్డుగా పలకలు పెట్టండి, ప్రతి గూటికీ రెండు దారులుంచండి. ఒక్క దారే ఉన్న గూడు ఉచ్చు.

ఆరోది, కోరలు అరగదీయడం. లోపలి నరం బయటపడితే నొప్పి, చీము. దవడ బలం అలాగే ఉంటుంది, నలపడం ఆగదు. దీనికి ఇంతకన్నా సిరా ఖర్చు చేయను.

ఏడోది, కొట్లాడే కోతుల మీద పైపుతో నీళ్లు కొట్టడం. నవ్వుదామనుకున్నాను గానీ, అది నిజమే. ఒకదాని మీద పదీ పడినప్పుడు విడదీయడానికి ఆఖరి మార్గంగా పనికొస్తుంది. రోజువారీ చిన్న తగవులకు వాడొద్దు, అవి వాటంతట అవే సర్దుకుంటాయి. నీళ్లు ఆపాక ఒక్కో కోతినీ తల నుంచి తోక దాకా చూడండి, మూలన ముడుచుకుని కదలనిదాన్ని ముందుగా.