త్యాగయ్యకు చదువు లేదని ఎవరన్నారు?

‘త్యాగరాజస్వామి గురించి మీకు తెలియని నిజాలు’ అనే మెసేజ్ ఏటా పుష్యమాసం రాగానే మొదలవుతుంది. ఈసారి కాలనీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, ఆఖరికి పిల్లలకు సంగీతం చెప్పే ఒకావిడ కూడా పంపారు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆయన కాకర్లలో పుట్టాడట. కాదు, 1767లో తిరువారూరులో పుట్టాడు. కాకర్ల ఇంటిపేరు, కంభం దగ్గర పూర్వీకుల ఊరు.

తానుండే తిరువయ్యారు పొలిమేర దాటలేదట. మరి చెన్నై దగ్గరి కోవూరు సుందరేశ్వరుడి మీద ఐదు కృతులు, తిరువొత్తియూరు త్రిపురసుందరి మీద ఐదు కృతులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తిరుపతిలో ‘తెరతీయగరాదా’ ఎవరు పాడారు?

24 వేల కృతులు రాశాడట. అరవై ఏళ్లు రోజుకొకటి చొప్పున రాసినా 22 వేలు దాటవు. మనకు దక్కినవి ఏడు వందల పైచిలుకు. అవైనా వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం ఊళ్ల శిష్యులు రాసిపెట్టుకుని, పాడి నిలబెట్టబట్టే దక్కాయి.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది నాలుగో పాయింటు చూస్తే: ‘ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. భక్తి పొంగింది, పాట దానంతటదే వచ్చింది. మీ పిల్లల్ని సరళీస్వరాలతో హింసించకండి.’

శొంఠి వెంకటరమణయ్య గారు ఏమైపోయారు? తంజావూరు ఆస్థాన విద్వాంసుడు ఈయనకు ఊరికే గురువయ్యారా? ఆయన రాసిన ‘ప్రహ్లాద భక్తి విజయం’ నాటకంలో కందాలు, సీసాలు ఛందస్సు తెలియకుండానే కుదిరాయా? స్వర, జాతి, మూర్ఛన భేదాలు తెలియకుండా రాగలయజ్ఞులమని వదరేవాళ్లను ‘వర రాగ లయజ్ఞులు’ కృతిలో ఉతికి ఆరేసింది ఎవరు? ఈ మెసేజ్ రాసినవాళ్లకు ఆయన అప్పుడే జవాబిచ్చాడు, వినే ఓపికే వీళ్లకు లేదు.

‘చక్కని రాజమార్గము’ పల్లవి ఒక్కసారి శ్రద్ధగా వినండి. అదే మాట, అదే తాళం. ఒక్కో సంగతికీ, అంటే ఆ పల్లవినే కొత్తగా మలిచి పాడిన ప్రతిసారీ, ఖరహరప్రియ రాగం ఇంకాస్త విచ్చుకుంటుంది, ఎంత దూరం వెళ్లినా పాట ఎత్తుకున్న చోటికి సరిగ్గా వచ్చి చేరుతుంది. అది సాధన చేసిన గొంతు, లెక్క తెలిసిన బుర్ర. భక్తి ఆయనకు ప్రాణమే, కాదనను. కానీ ఆ పేరు చెప్పి ఆయన పడ్డ కష్టాన్ని కొట్టిపారేస్తే అది పొగడ్త ఎలా అవుతుంది? దీన్ని నమ్మి పిల్లల చేత పాఠం మాన్పిస్తే ఆ పాపం ఎవరిది?

పైగా దీనికి సాక్ష్యంగా నారదుడి కథ ఒకటి పెట్టారు. ఆ కథలో నారదుడు ఆయనకు ఇచ్చింది స్వరార్ణవం, అంటే సంగీత శాస్త్ర పుస్తకం! చదువు అక్కర్లేనివాడికి పుస్తకం ఎందుకయ్యా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ మెసేజ్ చివరి లైను అక్షరాలా నిజం. పాడుబడిన త్యాగయ్య సమాధి చోట గుడి కట్టించింది, ఆడవాళ్లను ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి వాళ్ల చేత పాడించింది బెంగళూరు నాగరత్నమ్మే. దేవదాసి కుటుంబంలో పుట్టి, 1910లో పాతకాలపు కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనం’ను పరిష్కరించి అచ్చువేయించిన పండితురాలామె. అలాంటి మనిషిని మెసేజ్ అడుగున ఒక్క లైనులో సరిపెట్టారు. పైనున్నదంతా తీసేసి ఆమె గురించి రాసి పంపండి, నేనే అందరికీ ఫార్వర్డ్ చేస్తాను.