డాబా ఓనరుది, దాని వేడి మాత్రం మనదా?

చెన్నైలో ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లు బ్రోకర్ నోట తరచూ వినే మాట ఒకటుంది: "టాప్ ఫ్లోర్ సార్, గాలి బాగా కొడుతుంది, పైన డాబా అంతా మీదే." జనవరిలో చూస్తే అబద్ధమేమీ కాదు. ఏప్రిల్ వచ్చేసరికి గాలి సంగతి దేవుడెరుగు, డాబా మాత్రం నిజంగానే మనదైపోతుంది. పగలంతా అది తాగిన ఎండను అర్ధరాత్రి దాకా మన నెత్తిన దించుతూనే ఉంటుంది. పెరంబూర్ పాత వాటాల్లో, వడపళని, సాలిగ్రామం సందుల్లో, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన కొత్తగా లేచిన మూడంతస్తుల ఇళ్లలో, ఎక్కడైనా ఇదే తంతు.

ఏటా ఈ కాలానికి సలహాలు కూడా తయారుగా ఉంటాయి. మందపాటి పరదాలు వేయండి, కిటికీలో మొక్కలు పెట్టండి, సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లండి, మజ్జిగ తాగండి. గమనించారా, ఇవన్నీ అద్దెకున్నవాడికి చెప్పే సలహాలే. ఓనరు చేయాల్సిందేమిటో ఎవరూ చెప్పరు. నా వాదన సూటిగా చెప్పేస్తాను. పై అంతస్తు వేడి వాతావరణ సమస్య కంటే ముందు ఓనరు చేయని రిపేరు. కారుతున్న కప్పును బాగుచేయించడం ఎవరి బాధ్యతో, కాలుతున్న కప్పును చల్లబరచడమూ వాళ్ల బాధ్యతే. మంచి మాటలతో అది జరగదు, చట్టంతో చేయించాలి.

కప్పు మీదే ఎందుకు ఇంత పట్టు అంటే, చెన్నై ఉన్న చోటు అలాంటిది. ఈ ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య నెలలన్నిటిలోనూ మధ్యాహ్నం వేళ నడినెత్తి నుంచి సుమారు పది డిగ్రీలకు మించి పక్కకు జరగడు. అంటే కర్తరి రోజుల్లో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మధ్యాహ్నపు ఎండ గోడల మీద పడేది తక్కువ, డాబా మీద పడేది ఎక్కువ. మీరు వేసిన పరదా ఆపేది తూర్పు పడమర కిటికీల్లోంచి వచ్చే కాస్త ఎండనే. అసలు దెబ్బంతా పైనుంచి.

పైన ఉన్నదేమిటి? నాలుగైదు అంగుళాల ఆర్‌సీసీ స్లాబ్. చాలా ఇళ్లలో దాని మీద నాచు పట్టి నల్లబడ్డ సిమెంటు పూత. అలాంటి కప్పు మీద పడే ఎండలో ఎక్కువ భాగం లోపలికే ఇంకుతుంది. స్లాబ్ ఒక్కసారిగా వేడెక్కదు, ఒక్కసారిగా చల్లారదు. మధ్యాహ్నం పైన పడిన వేడి కింది వైపుకు చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే సముద్రపు గాలి వచ్చి వీధి చల్లబడ్డ తర్వాత, మనం ఆఫీసు నుంచి ఇంటికి చేరే వేళకు, సీలింగ్ అసలైన ఊపులో ఉంటుంది. ఫ్యాన్ వేస్తే సీలింగ్ కింద పేరుకున్న వేడిగాలిని తెచ్చి మొహాన కొడుతుంది. ఏసీ గదిలో గాలిని చల్లబరుస్తుంది గానీ, స్లాబ్ నుంచి నేరుగా ఒంటి మీదికి ప్రసరించే వేడిని ఆపలేదు. 24లో పెట్టి పడుకున్నా నడినెత్తి సలసలమంటుందని టాప్ ఫ్లోర్ వాళ్లు అంటే అది చాదస్తం కాదు. కింది అంతస్తులో అదే 24 హాయిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ నెత్తిన ఉన్నది ఎండ కాదు, ఇంకొకరి ఇల్లు.

నెల్లూరు, ఒంగోలు, విజయవాడ నుంచి వచ్చిన మనవాళ్లు మొదటి వేసవిలో చేసే పని ఎయిర్ కూలర్ కొనడం. మన ఊళ్లో పొడి వడగాడ్పులకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వట్టివేళ్ల తడికలూ అంతే. ఇక్కడి ఉక్కపోతలో నీరు ఆవిరి కావడమే కష్టం. కూలర్ గదిని చల్లబరచకపోగా పక్కబట్టలు తడిగుడ్డల్లా చేస్తుంది. డాబా మీద నీళ్లు పోయడం కొంత పనిచేస్తుంది, కాదనను. కానీ ఏ నీళ్లు? పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయి, 2019 జూన్‌లో ట్యాంకర్ కోసం బిందెలతో వరుసలో నిలబడ్డ ఊరిది. కండలేరు నుంచి అంత దూరం పారించి తెచ్చిన కృష్ణ నీళ్లను స్లాబ్ మీద గుమ్మరించమని చెప్పడానికి నాకైతే నోరు రాదు.

పనిచేసేది మూడు పనులు. కప్పును తెల్లబరచడం, కప్పు మీద వేడిని అడ్డుకునే పొర వేయడం, కప్పుకు నీడ కట్టడం. మంచి రకం తెల్ల పూత కొత్తలో ఎండలో దాదాపు 80 శాతాన్ని వెనక్కి పంపేస్తుంది. లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. తెల్ల టైల్స్ ముక్కలు పరిచినా అదే ఫలితం, పైగా ఏళ్ల తరబడి ఉంటుంది. నీడ కట్టాలంటే స్లాబ్‌కు ఎత్తులో, మధ్యలో గాలి ఆడేలా కట్టాలి. మన తాతలు వేసిన కొబ్బరాకుల పందిరి చేసేదీ అదే. అయితే చెన్నైలో ఓనర్లు కట్టే నీడ వేరు. డాబా మీద రేకుల షెడ్డు వేసి, దానికి బాత్రూమ్ తగిలించి, బ్యాచిలర్లకు అద్దెకిచ్చేస్తారు. కింది ఇల్లు చల్లబడుతుంది, నిజమే. రేకుల కింద ఉన్న కుర్రాడు మాత్రం పెనం కింద కాపురం ఉన్నట్టే.

ఈ తెలివి ఈ ఊరికి కొత్త కాదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించే విషయం. మద్రాసు టెర్రస్ అని పేరే ఉంది. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను ఏటవాలు వరుసల్లో నిలబెట్టి, సున్నంతో అతికి, ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస చేసి, చివరకు పలకలు పరిచేవారు. సున్నంలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. ఆర్‌సీసీ వచ్చాక కూడా స్లాబ్ మీద ఇటుక ముక్కలు, సున్నంతో వెదరింగ్ కోర్సు వేసి, పైన మట్టి పలకలు పరిచే పద్ధతి ఇక్కడి మేస్త్రీలకు చేయి తిరిగిన పని. మూడు నాలుగు అంగుళాల ఆ పొర వాన నీటిని వాలుకు నడిపేది, ఎండను లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడు చదరపు అడుగు ఖర్చు లెక్కలో ఆ పొర పలచబడింది, కొన్ని చోట్ల మొత్తానికే మాయమైంది. సొంతానికి కట్టుకునేవాడు ఇంకా వేయించుకుంటున్నాడు. అద్దెకు కట్టేవాడు మానేశాడు. ఎందుకు వేయిస్తాడు? ఆ కప్పు కింద పడుకునేది అతను కాదుగా.

అసలు గుట్టు ఇక్కడుంది. కప్పు మీద ఖర్చు పెట్టాల్సింది ఒకరు, పెట్టకపోతే నష్టపోయేది ఇంకొకరు. నష్టం అద్దెదారుడిదేనని సరిపెట్టుకుందామన్నా కుదరదు, చాలా ఇళ్లలో ఓనరుకు దాని మీద లాభం కూడా ఉంది. తమిళనాడులో రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం. వాడకాన్ని బట్టి పెరిగే రేట్లు ఆ పైన మొదలవుతాయి. కానీ వాటాకు విడిగా సొంత మీటరు (సబ్‌మీటర్) పెట్టిన ఓనరు అద్దెదారుడి దగ్గర మొదటి యూనిట్ నుంచే ఒకే రేటు వసూలు చేయడం ఈ ఊళ్లో అందరికీ తెలిసిన బాగోతం. ఆ రేటు కూడా కరెంటు బోర్డు రేటు కంటే ఎక్కువే. అలాంటి ఇంట్లో ఏసీ ఎంత ఎక్కువసేపు తిరిగితే ఓనరుకు అంత మిగులు. స్లాబ్ కాలడం అతనికి ఆదాయం. ఇలాంటి లెక్క నడుస్తున్నప్పుడు "ఓనరు గారూ, కాస్త తెల్ల పెయింటు వేయించండి" అని వినయంగా అడిగితే వింటాడా? "ఏసీ పెట్టుకోండి, పాయింట్ ఇచ్చాంగా" అంటాడు.

అవతలి వాదన కూడా వినాలి కదా. తెల్ల పూత దుమ్ముకు మాసిపోతుంది, మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ వేయాలి, ఖర్చంతా చివరకు అద్దెలోకే వస్తుంది అంటారు ఓనర్లు. మాసిపోయే మాట నిజమే, కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. ఖర్చు మాటకొస్తే, వెయ్యి చదరపు అడుగుల డాబాకు మంచి పూత వేయించినా ఒక స్ప్లిట్ ఏసీ ధర దాటదు. ఇక అద్దె పెరుగుతుందనే బెదిరింపు. ఏ కారణమూ లేకుండానే ఏటా అద్దె పెంచేవాళ్లు ఈ ఒక్క కారణం దగ్గర మొహమాటపడుతున్నారంటే నమ్మడం కష్టం.

ప్రభుత్వం ఇళ్ల కప్పుల్లో తలదూర్చదు అనేవాళ్లకు 2003 గుర్తుచేయాలి. ఆ ఏడాది తమిళనాడులో జయలలిత ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, కొత్తదీ పాతదీ అనకుండా ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. గడువు పెట్టింది, కుళాయి కనెక్షన్ కోసేస్తామంది. కొద్ది నెలల్లో చెన్నైలో డాబాల నుంచి పైపులు దిగాయి, గుంతలు తవ్వారు. కొన్ని కంటితుడుపుగా కట్టినవి కావచ్చు, అయినా అప్పుడు ఎవరూ ఓనరు ఇష్టం, అద్దె పెరుగుతుంది అనలేదు. చిత్రమేమిటంటే, అదే 2003 మే ఆఖరులో చెన్నై నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది. అక్కడ నేటికీ అదే రికార్డు. డాబా మీద పడే వాన చుక్కకు ఆర్డినెన్స్ వచ్చిన ఏడాదే, ఆ డాబా మీద పడిన ఎండను ఎవరూ పట్టించుకోలేదు. వాన నీరు ఊరందరి ఆస్తి, ఓనరు బావిలోకీ ఊరుతుంది. ఎండ అద్దెదారుడి గదిలోకి మాత్రమే దిగుతుంది. తేడా అదే.

2024 అక్టోబరులో తమిళనాడు వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించింది. మంచిదే, పోయిన ప్రాణానికి పరిహారం వస్తుంది. కేంద్రమేమో 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలన్నీ మొదట 24 దగ్గర ఆన్ కావాలని రూలు పెట్టింది. రిమోట్‌లో అంకె దాకా వెళ్లిన ప్రభుత్వం కప్పు దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తగ్గింది. 2018 నాటి ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం రాసిన నియమాలు) కప్పు గుండా ఎంత వేడి దిగవచ్చో హద్దు పెట్టింది: చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లు. ఏ పొరా లేని మామూలు స్లాబ్ 3 దాటుతుంది. కానీ ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు, అదీ రాష్ట్రాలు అమలు చేస్తేనే. మన తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి దేశంలో పేరు తెచ్చుకుంది. అందులో కూడా నివాసాలకు తప్పనిసరి అన్నది 600 గజాల స్థలం నుంచే, అంతకు తక్కువైతే ఓనరు ఇష్టం. చెన్నై లెక్కలో చెప్పాలంటే ఈ రెండు హద్దులూ సుమారు రెండుంపావు గ్రౌండ్లు (గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు). ఈ ఊళ్లో అద్దె ఇళ్లు లేచేది అర గ్రౌండులో, ఒక గ్రౌండులో. రెండుంపావు గ్రౌండ్లున్న ఆసామి కప్పును చల్లగా ఉంచమని చట్టం అడుగుతోంది. ఆయన అడక్కుండానే ఉంచుకుంటాడు.

ఇంత తెలిసీ హద్దు అక్కడే ఎందుకు గీశారంటే, అద్దెదారుడు ఈ దేశంలో ఎవరి లెక్కలోనూ లేడు. కార్పొరేషన్‌కు ఆస్తి పన్ను కట్టేది ఓనరు, కౌన్సిలర్‌కు తెలిసిన మొహం ఓనరుది, కాలనీ సంఘంలో కుర్చీ ఓనరుది. చెన్నైలో ఉండే తెలుగు అద్దెదారుడి పరిస్థితి ఇంకా విచిత్రం. వీళ్లలో చాలామంది ఓటు ఇప్పటికీ కావలిలోనో చిత్తూరులోనో ఉంటుంది. ఎన్నికలప్పుడు రైలెక్కి వెళ్లి, ఆ ఊరి రోడ్డు కోసం ఓటేసి వస్తారు. ఏడాదిలో పదకొండు నెలలు తాము నిద్రపోయే ఊళ్లో వాళ్ల మాట అడిగే నాథుడు లేడు. ఇక్కడి ఓటరు జాబితాలో పేరు చేర్పించుకోవడానికి మనవాళ్లకు ఎందుకంత బద్ధకమో నాకు ఎప్పటికీ అర్థం కాదు. స్కూలు అడ్మిషన్‌కు, గ్యాస్ కనెక్షన్‌కు మార్చే చిరునామాను ఓటుకు మార్చరు. పది వేల ఓట్లు వేళచ్చేరిలో ఉన్నాయని తేలిన రోజున సబ్‌మీటర్ గురించీ స్లాబ్ గురించీ అడిగే ఎమ్మెల్యే అభ్యర్థి వాడే పుట్టుకొస్తాడు.

ఈలోగా చేయాల్సినవి చిన్నవే. తమిళనాడు అద్దె చట్టం, 2017లో చేసి 2019 నుంచి అమలు చేస్తున్నది, చివర ఒక షెడ్యూలుతో వస్తుంది. ఏ రిపేరు ఎవరిదో అందులో పంచారు. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు, వైరింగ్ ఓనరువి. కుళాయి వాషరు, స్విచ్చులు, సాకెట్లు అద్దెదారుడివి. వాషరు దాకా ఆలోచించిన చట్టం ఇది. ఓనరు వాటాలో "డాబాకు ఎండను తిప్పికొట్టే పూత లేదా పొర" అని ఒక్క ముక్క చేర్చడానికి కొత్త పాలసీ అక్కర్లేదు. కార్పొరేషన్ ఆస్తి పన్ను తొందరగా కట్టినవాళ్లకు 5 శాతం తగ్గిస్తోంది. డాబా తెల్లబరిచినవాళ్లకూ అంత తగ్గిస్తే ఓనర్లు వాళ్లంతట వాళ్లే బకెట్ పట్టుకుంటారు. రేకుల గదులకు మాత్రం రాయితీ లేదు, నోటీసే.

కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు బ్రోకర్‌ను మధ్యాహ్నం మూడింటికి రమ్మనండి, పొద్దున్నే వద్దు. మేడ ఎక్కి చెప్పులు విప్పి స్లాబ్ మీద నిలబడండి. నిలబడలేకపోతే, పూత వేయించిన తర్వాతే తాళం తీసుకుంటామని అగ్రిమెంటులో రాయించండి. టోకెన్ చేతిలో పడే దాకానే ఓనరుకు మన మాట వినబడుతుంది.