కళ్లు మూసుకోండి, చీవాట్లు మొదలు

విశ్వాసంలో ఎదగాలంటే ఏం చేయాలని ఎవరడిగినా నేను మొహమాటపడకుండా సలహా ఇస్తాను, ఎందుకంటే ఇంటి పెద్దగా కుటుంబ ప్రార్థన నడిపించడంలో నాకున్న అనుభవం అలాంటిది. ముందు అలారం. యేసు ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లాడని మార్కు 1:35లో ఉంది కాబట్టి నేనూ తెల్లవారుజామున 5 గంటలకు పెట్టుకున్నాను. రోజూ తప్పకుండా మోగుతుంది. లేవడమంటారా, ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనమని ప్రభువే అన్నాడు, దాని మీద చర్చ వద్దు.

తర్వాత వాక్యం. బైబిల్లో 1189 అధ్యాయాలు, రోజుకు నాలుగు చదివితే ఏడాది తిరక్కుండానే అయిపోతుందని జనవరి 1న లెక్క తేల్చాను. ఎర్రసముద్రం దాకా హుషారుగానే నడిచి, లేవీయకాండం 11లో నెమరువేసే జంతువుల దగ్గర ఆగాను. ఏటా అక్కడే ఆగుతాను.

ఇక అసలు సంగతి, కుటుంబ ప్రార్థన. మామూలుగా ఇంట్లో నేనొక మాటంటే పది మాటలు తిరిగొస్తాయి. అదే మాట, అందరూ కళ్లు మూసుకుని తల వంచాక, "ప్రభువా" అని మొదలుపెట్టి అంటే ఎదురు చెప్పేవాళ్లుండరు. "తండ్రీ, అర్ధరాత్రి దాకా ఫోన్ చూసే ఈ బిడ్డను నీ చేతులకు అప్పగిస్తున్నాం. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో నీకు తెలుసు, అయినా జ్ఞాపకం చేస్తున్నాను తండ్రీ. లైట్లు ఆర్పకుండా పడుకునేవాళ్లను కూడా క్షమించు." మధ్యలో ఒక కన్ను కొంచెం తెరిచి, మాట తగలాల్సిన చోట తగిలిందో లేదో చూసుకుంటాను.

ఇది నేను కనిపెట్టింది కాదు. లూకా 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని తు.చ. తప్పకుండా పాటించే యూదు భక్తుడు) పక్కనున్న సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) సంగతి, వారానికి రెండుసార్లు తను చేసే ఉపవాసం సంగతి ఒక్క ప్రార్థనలోనే సర్దేశాడు, ఎంత పొందికో చూడండి. నీతిమంతుడిగా ఇంటికెళ్లింది మాత్రం సుంకరి అని చివర్లో ఉంది, ఆ వచనం మా ఇంట్లో నేను పైకి చదవను. వ్యర్థమైన మాటలు వద్దని మత్తయి 6:7లో ఉందిగా అంటారు కొందరు. సరిగ్గా చదవండి, అక్కడ ఉన్నది అన్యజనుల సంగతి! నీళ్లలో మునిగిపోతూ ప్రభువు శిష్యుడు పేతురు "ప్రభువా, నన్ను రక్షించు" అని మూడు మాటల్లో ముగించాడంటే పాపం ఆయనకు టైం లేక. నాకుంది.

మొన్న రాత్రి నా గొంతు పట్టేసింది, ప్రార్థన అమ్మాయికి అప్పజెప్పాను. అది బుద్ధిగా మోకరించి, "ప్రభువా, నాన్న అలారానికి మేమంతా రోజూ 5 గంటలకే లేస్తున్నాం. దయచేసి నాన్నను కూడా లేపు. ఆమెన్" అంది. మా ఆవిడ అంత గట్టిగా ఆమెన్ అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. నేను మెల్లగా ఒక కన్ను తెరిచాను. అమ్మాయి అప్పటికే ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది.