పావుగంట రీడింగుతో లోడ్ మోడల్ రాదు

"స్మార్ట్ మీటర్లు వచ్చేశాయి. పావుగంటకోసారి వోల్టేజి, యూనిట్లు రికార్డవుతున్నాయి. ఆ చుక్కలకు జిప్ కర్వ్ (వోల్టేజిని బట్టి లోడు మారే తీరు చూపే గీత) గీస్తే ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) లోడ్ మోడల్ రెడీ, ఫిట్ కూడా బ్రహ్మాండంగా కుదురుతుంది, ఫాల్ట్ స్టడీకీ (షార్ట్ సర్క్యూట్ లాంటిది జరిగితే గ్రిడ్ ఏమవుతుందో చూసే లెక్కకు) అదే వాడుకోవచ్చు." ఈ మాట తెగ తిరుగుతోంది. ఇందులో నిలబడేవి మొదటి రెండు వాక్యాలే.

వోల్టేజి మారితే లోడు ఎంత మారుతుందో చెప్పేదే మోడల్. మీటర్ డేటాలో కనిపించేది దానికి తలకిందులు: లోడు పెరిగినందుకు వోల్టేజి పడిపోతుంది. పంపుసెట్ల 11 కేవీ ఫీడరు ఒకటి అనుకోండి. పగలు మోటార్లు నడిచేటప్పుడు 2 మెగావాట్లు, 10.6 కేవీ. రాత్రి 0.4 మెగావాట్లు, 11 కేవీ. ఈ రెండు చుక్కల్ని కలిపితే వోల్టేజి ఘాతం (లోడు వోల్టేజి ఎన్నో ఘాతంతో మారుతుందో ఆ సంఖ్య; వర్గంతో మారితే 2) మైనస్ 43 వస్తుంది. అంటే వోల్టేజి ఒక్క శాతం తగ్గిస్తే లోడు సగానికి పైగా పెరగాలి!

కావలసింది పైనుంచి వచ్చే మార్పు. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్‌లోడ్ ట్యాప్ (కరెంటు ఆపకుండానే వోల్టేజిని మెట్లుగా మార్చే స్విచ్చి) ఒక మెట్టు కదిపితే వోల్టేజి సుమారు 1.25 శాతం మారుతుంది. 1.6 మెగావాట్ల లోడుకు ఘాతం 1.2 అయితే తేడా 24 కిలోవాట్లే. అదే సమయానికి ఐదారు 5 హెచ్‌పీ మోటార్లు ఆగినా అంతే తేడా. అందుకే ఒక్క ట్యాప్‌ను నమ్మకూడదు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, 20, 30 సార్లు కదిపి, ప్రతిసారీ ముందూ వెనకా కొన్ని సెకన్ల రికార్డు తీసి సగటు కట్టాలి. మధ్యలో మోటార్లు ఆన్ ఆఫ్ అయినట్టు కనిపించిన రికార్డులు పక్కన పెట్టాలి. అక్కడ ఆన్‌లోడ్ ట్యాప్ లేకపోతే పై సబ్‌స్టేషన్ ట్యాప్ పనికొస్తుంది.

ఇక "ఫిట్ కుదిరింది" అన్న మాట. జిప్‌లో మూడు ముక్కలు: వోల్టేజి వర్గంతో మారేది, వోల్టేజితో మారేది, అసలు మారనిది. 1.03 వర్గం 1.0609. 1.03ను రెట్టింపు చేసి 1 తీసేస్తే, అంటే రెండో ముక్క రెండింతలు పెట్టి మూడోది మైనస్ చేస్తే, 1.06. మూడు శాతం పరిధిలో ఈ రెండింటినీ ఫీల్డులోని మీటర్లు వేరుచేయలేవు. కాబట్టి ఎన్నో రకాల గుణకాలు అంతే చక్కగా కుదురుతాయి, కొన్నిట్లో మైనస్ విలువలు కూడా వస్తాయి. అంత చిన్న పరిధిలో ఒక్క ఘాతం లెక్కగట్టి ఊరుకోవడమే నిజాయితీ. అదీ ఆ సీజనుకే. వరికి నీళ్లు పెట్టే నెలల లెక్క కోతల తర్వాత చెల్లదు.

ఫాల్ట్ స్టడీ సంగతి మరీ ఘోరం. పెద్ద గ్రిడ్ లైన్లలో ఫాల్ట్ సుమారు 100 మిల్లీసెకన్లలో తీరిపోతుంది, మీటర్ సగటు 900 సెకన్లది. ఆ కాస్త సమయంలోనే మోటార్లు వేగం కోల్పోయి, ఫాల్ట్ పోయాక రియాక్టివ్ పవర్ (పని చేయకుండా మోటారు అయస్కాంత క్షేత్రానికే పోయే పవర్) గుంజి వోల్టేజిని లేవనివ్వవు. ఆ క్షణం వోల్టేజిని బట్టే లోడు చెప్పే స్టాటిక్ మోడల్లో ఇది కనిపించదు. 1996 ఆగస్టు 10న అమెరికా పశ్చిమ గ్రిడ్ ఊగిసలాడి కుప్పకూలితే, అప్పటి మోడళ్లు ఆ ఊపు సర్దుకుంటుందనే చూపించాయి. ఆ తర్వాత 2002లో అక్కడ లోడులో 20 శాతం ఇండక్షన్ మోటార్లుగా పెట్టి స్టడీలు మొదలుపెట్టారు.

మన పంపుసెట్లలో ఇంకో మెలిక ఉంది. వోల్టేజి బాగా పడితే స్టార్టర్ కాంటాక్టర్ (అయస్కాంతంతో పట్టి ఉంచే స్విచ్చి) వదిలేస్తుంది, ఆ లోడు మాయమవుతుంది. ఆటో స్టార్టర్ ఉన్నవి కాసేపటికి మళ్లీ ఎక్కుతాయి. ఇది పట్టాలంటే సెకనుకు 25 లేదా 50 రీడింగులిచ్చే పీఎంయూ (వోల్టేజి, కరెంట్లను కచ్చితమైన టైముతో సహా కొలిచే పరికరం) గానీ, ఫాల్ట్ రికార్డర్ గానీ సబ్‌స్టేషన్ ఇన్‌కమర్ (కరెంటు లోపలికి వచ్చే లైను) దగ్గర ఉండాలి.