మేనమామ చదివింపులు

మా అక్క కూతురి నాలుగో పుట్టినరోజుకు వారం ముందే అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, ఈసారి బొమ్మలు మాత్రం తేవద్దురా, అటక మీద కూడా చోటు లేదు" అని స్పష్టంగా చెప్పింది. నేను సరేనన్నాను. అయినా మేనమామను ఒట్టి చేతులతో వెళ్తే బావగారి తరఫువాళ్ళు ఏమనుకుంటారోనన్న బెంగతో, నెలాఖరు రోజుల్లో, 1,150 రూపాయలు పెట్టి ఒక రిమోట్ కారు కొని, మెరుపు కాగితం చుట్టించుకుని మరీ వెళ్ళాను. కాగితం చించగానే పెట్టె మీది బొమ్మను చూసి మా మేనకోడలు, "మామయ్యా, ఇది కూడా ముందుకూ వెనక్కూ వెళ్తుందా?" అని అడిగింది. ఆ "కూడా" అన్న మాట దగ్గరే నాకు విషయం అర్థమైంది. ఆ రోజు వచ్చిన బహుమతుల్లో రిమోట్ కార్లు మూడు, ఇంట్లో అంతకు ముందే ఉన్నవి రెండు.

మరుసటి ఆదివారం అక్క అనుమతితో ఆ ఇంట్లోని బొమ్మలన్నీ హాల్లో పోసి లెక్కపెట్టాను. బిల్డింగ్ బ్లాకులను ఒక్కొక్కటిగా కాక డబ్బాను ఒకటిగా లెక్కిస్తేనే 143 తేలాయి. వాటిలో బ్యాటరీతో నడిచేవి దాదాపు మూడో వంతు ఉంటే, ఆ క్షణాన నిజంగా నడుస్తున్నవి ఏడు. మా మేనకోడలి రెండేళ్ళ తమ్ముడికని కొన్న ఎలుగుబంటి ఒకటి వాడికంటే ఎత్తుగా ఉండి, వాడు దాన్ని చూసి ఏడుస్తాడని తలుపు వెనక నిలబెట్టి ఉంది. నేను లెక్కపెడుతున్నంత సేపూ మా మేనకోడలు పక్కనే కూర్చుని, ఏ బొమ్మ ఎవరిచ్చారో తప్పుల్లేకుండా చెప్పగలిగింది కాని, తనకు ఏది ఇష్టమని అడిగితే మాత్రం ఆలోచనలో పడింది.

దీనికి పిల్లలను కాని, ఒక్క కంపెనీలను కాని తప్పుపట్టి లాభం లేదు. మనకు పెళ్ళిళ్ళలో చదివింపులనే పద్ధతి ఉంది కదా. ఎవరెంత ఇచ్చారో ఒకరు పైకి చదువుతుంటే మరొకరు పుస్తకంలో రాసుకోవడం, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి ఆ పుస్తకం తిరగేసి అంతకు తగ్గకుండా చదివించడం తరతరాలుగా నడుస్తున్నదే. కొత్త కాపురానికి నలుగురూ తలా ఒక చెయ్యి వేసే ఏర్పాటుగా దానికొక అర్థమూ ఉంది. అదే లెక్కను పుస్తకం మాత్రం తీసేసి మూడేళ్ళ పిల్లల పుట్టినరోజుల్లోకి తెచ్చుకోవడంతో వచ్చింది చిక్కంతా. కిందటేడు వాళ్ళు మన పిల్లవాడికి ఎనిమిది వందల బొమ్మ ఇచ్చారు కాబట్టి ఈ ఏడు మనం వాళ్ళ పిల్లకు ఎనిమిది వందలకు తగ్గకూడదు. ఎనిమిది వందలదని చూడగానే తెలియాలంటే పెట్టె పెద్దదిగా ఉండాలి. పెట్టె పెద్దదిగా కనిపించడం పిల్లకు అవసరం కాదు, ఇచ్చినవాళ్ళకు అవసరం. దీని మీద మళ్ళీ రిటర్న్ గిఫ్ట్ ఒకటి. పాతిక మంది పిల్లలకు తలా 120 రూపాయల పెన్సిల్ డబ్బా అనుకున్నా మూడు వేలు. ఆ డబ్బా అందుకునే పిల్లవాడి ఇంట్లో అప్పటికే అలాంటివి నాలుగుంటాయి. అద్దె, బండి వాయిదా పోగా మిగిలిన జీతంతో నెట్టుకొచ్చే నాలాంటి వాడికి ఏడాదికి ఇలాంటి పిలుపులు పదో పన్నెండో వస్తాయి.

బొమ్మలు ఎక్కువైతే నష్టమేమిటి, ఆడుకుంటారు కదా అని అడిగేవారు ఉంటారు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలున్న గదిలో, మరోసారి పదహారు బొమ్మలున్న గదిలో ఆడుకోనిచ్చి గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. అది చిన్న పరిశోధన, చూసింది కొద్ది నిమిషాల ఆటను. దాన్ని పట్టుకుని పిల్లల భవిష్యత్తు గురించి శాసనాలు చెయ్యనక్కర్లేదు. కాని పదహారుకే అలా ఉంటే 143 మధ్య కూర్చున్న పిల్ల సంగతి ఊహించడానికి పరిశోధకుడే కానక్కర్లేదు.

అలాగని తక్కువ ధరలో ఏదో ఒకటి కొనేస్తే చాలనుకోవడమూ పొరపాటే. రోడ్డు పక్కన 150 రూపాయలకు అమ్మే మెరుపు లైట్ల బొమ్మ చవకే కాని, దాని అడుగున మూత వదులుగా ఉండి, లోపల బొత్తాం అంత బ్యాటరీ ఉంటే అది బొమ్మ కాదు, ప్రమాదం. ఆ బిళ్ళను పసివాడు మింగితే, గొంతులో ఇరుక్కున్న చోట రెండు గంటల్లోనే అన్నవాహిక లోపలి పొరను తీవ్రంగా కాల్చెయ్యగలదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు. బొమ్మే కొనదలిస్తే పెట్టెను తిరగేసి ఆ గుర్తు ఉందో లేదో, ఏ వయసు వారికని రాశారో చూసే అర నిమిషం ఓపిక ఉండాలి.

ఇక నా అనుభవానికి వస్తాను. పుట్టినరోజు తరువాత ఒకసారి అక్క ఇంట్లో కర్టెన్ల కొలతలు తీసుకోవలసి వచ్చి, నా సంచిలో టైలర్లు వాడే టేపు ఒకటి పట్టుకెళ్ళాను. మా మేనకోడలు దాన్ని లాక్కుని, ఇదేమిటని అడిగి, చెప్పిన క్షణం నుంచి ఇంట్లో ఏ వస్తువునూ వదల్లేదు. ఫ్రిజ్, కుర్చీ, తమ్ముడు, తులసి కుండీ, చివరికి పడక్కుర్చీలో కునుకు తీస్తున్న తాతయ్య బట్టతల చుట్టుకొలత కూడా తీసి, "ఇరవై రెండు! తాతయ్య తల ఇరవై రెండు!" అని ఇల్లంతా చాటింది. నిజానికి ఆమెకు ఇరవై దాటితే అంకెలు సరిగా రావు. టేపు మీది గీతలు చూపించి అడిగి, నేను చెప్పినది పట్టుకుంది. నన్ను అడగకుండా ఆ ఆట నడవదు. తాతయ్య తల ఒగ్గకుండా నడవదు. ఆ రెండు గంటల్లో రిమోట్ కార్లు ఐదూ మూలనే ఉన్నాయి. మరుసటి వారం కుట్టుపని సామాన్లు అమ్మే దుకాణంలో ఇరవై రూపాయలకు ఆమె కోసమే ఒక టేపు, గళ్ళ నోటు పుస్తకం, ఒక పెన్సిలు కొనిచ్చాను. ఇప్పుడా పుస్తకంలో తమ్ముడి ఎత్తు నెలకొకసారి గీత గీసి ఉంటుంది. (మూడేళ్ళలోపు పిల్లల చేతికి మాత్రం టేపులు, తాళ్ళు ఇచ్చి పక్కకు వెళ్ళకండి, మెడకు చుట్టుకుంటారు.)

అప్పటి నుంచి నేను బహుమతికి రెండే పరీక్షలు పెట్టుకున్నాను: అది కొన్నాళ్ళకు అయిపోయేదైనా కావాలి, లేదా ఆడడానికి ఇంకొక మనిషి అవసరమయ్యేదైనా కావాలి. అయిపోయే వస్తువు అటకెక్కదు. మనిషిని అడిగే వస్తువు, బొమ్మలు నిండుగా ఉన్న ఇళ్ళలో తరచూ కరవయ్యే దాన్ని, అంటే నేల మీద పిల్లతో పాటు చతికిలబడే పెద్దవాళ్ళను, ఎంతోకొంత రప్పిస్తుంది.

అయిపోయే వాటిలో నేను ఎక్కువగా ఇచ్చేది మెంతుల కుండీ. చిన్న మట్టి కుండీ, పాత పెరుగు డబ్బాలో కాస్త మట్టి, కాగితం పొట్లంలో గుప్పెడు మెంతులు. అన్నీ కలిపి వంద రూపాయలు దాటవు. చిక్కుడో బంతో ఇవ్వవచ్చు కదా అంటారేమో, నాలుగేళ్ళ పిల్లకు అంత ఓపిక ఉండదు. ధనియాలు వేస్తే మొలక కోసం వారం, పది రోజులు చూడాలి. ఈలోగా పిల్ల రోజూ మట్టి తవ్వి విత్తనం లేచిందా అని చూస్తుంది. మెంతులైతే రాత్రి నానబెట్టి చల్లితే మూడు, నాలుగు రోజుల్లోనే తల ఎత్తుతాయి. కాస్త ఎదిగాక పిల్లే పీకి అమ్మకు ఇస్తుంది, అది పప్పులో పడుతుంది. ఆకుకూరంటే మూతి తిప్పుకునే మా మేనకోడలు ఆ పప్పును తిన్నదని నేను గొప్పలు చెప్పను. రెండు ముద్దలు తిని, మిగతాది అందరికీ తానే వడ్డించింది.

మైదా పిండి ముద్ద కూడా అలాంటిదే. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, చెంచా నూనె, తగినన్ని నీళ్ళు పోసి చపాతీ పిండిలా కలిపి, ఒక ముద్దలో పసుపు, ఇంకొక దానిలో బీట్‌రూట్ రసం వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఇస్తే, ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకూడదు. రంగు సుద్దముక్కల పెట్టె, ఒకటో రెండో డ్రాయింగ్ పుస్తకాలు, అట్టలు, జిగురు, ఇవన్నీ ఇదే కోవలోవి. వీటి గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు.

సంప్రదాయమంటూ కొండపల్లి బొమ్మ కొనిచ్చేవాళ్ళతో మాత్రం నాకు చిన్న పేచీ ఉంది. తెల్ల పొణికి కర్రను చెక్కి, భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేసే ఆ పని ఎంతో అందమైనది. కొలువులో పెట్టుకోవలసినది, కళ్ళతో చూడవలసినది. దాన్ని మూడేళ్ళ పిల్లకు ఇస్తే మొదటి రోజే ఏనుగు తొండమో, అంబారీలో కూర్చున్నవారి చెయ్యో విరుగుతుంది, లేదా విరుగుతుందని భయపడి అమ్మ దాన్ని అద్దాల బీరువాలో పెడుతుంది. ఆడుకోవడానికే కావాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి. అంకుడు కర్రను తిప్పుతూ నునుపుగా చెక్కి, లక్కలో మొక్కల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పదునైన అంచులుండవు, బ్యాటరీ ఉండదు. ఒక బొంగరమో, లక్కపిడతల జత ఒకటో ఇస్తే, పిడతల్లో వండిన ఉత్తుత్తి అన్నాన్ని తిని "ఉప్పు ఎక్కువైందే" అనడానికి ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. నేను అడిగేది సరిగ్గా ఆ మనిషినే.

ఐదేళ్ళు నిండిన పిల్లలకు అష్టాచెమ్మ ఇస్తున్నాను. నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క, నలుగురికి నాలుగు రంగుల కాయలు ఒక గుడ్డ సంచిలో వేసి, వాళ్ళింటికి వెళ్ళి నేనే నేల మీద ఐదు వరుసల ఐదు గళ్ళు గీస్తాను. గవ్వలన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఒక స్నేహితుడి ఇంట్లో ఈ సంచి ఇచ్చినప్పుడు, ఆ పిల్లవాడి నాయనమ్మ మోకాళ్ళ నొప్పిని కూడా మరచి కిందికి దిగి, మూడు ఆటలు వరుసగా మనవణ్ణి ఓడించింది. పిల్లవాడు ఏడ్చాడు. ఆవిడ జాలి పడలేదు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆనందించింది ఆవిడేనని నా అనుమానం.

పుస్తకాల విషయంలో ఒక్క మాట. 'మంచి పుస్తకం', ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు తెలుగులో వేసిన బొమ్మల కథల పుస్తకాల్లో వంద రూపాయల లోపు దొరికేవి చాలా ఉన్నాయి. అయితే పది కొని ఇచ్చి చేతులు దులుపుకుంటే అవీ అటకెక్కుతాయి. ఒకటి తీసుకెళ్ళి, కేకు కోసేలోపు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రెండుసార్లు చదివితే, మూడోసారి చదవమని వాళ్ళమ్మను వేధిస్తుంది.

ఏమీ కొనకుండా ఇచ్చిన బహుమతి కూడా ఒకటుంది. రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. ఒక శనివారం మా మేనకోడలిని లింగంపల్లిలో ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) ఎక్కించి నాంపల్లి దాకా తీసుకెళ్ళి, స్టేషన్లో ఇడ్లీ తినిపించి, తిరుగు రైల్లో తీసుకొచ్చాను. ఖర్చు నా టికెట్టు, రెండు ప్లేట్ల ఇడ్లీ. నాంపల్లిలో రైలు అక్కడితో ఆగిపోతుందని, అవతల పట్టాలు లేవని తెలిసి ఆమె ఎంత ఆశ్చర్యపోయిందంటే, ఇంటికి వచ్చాక ఆ 143 బొమ్మల్లోంచి పెట్టెలన్నీ వరుసగా పేర్చి, చివర ఒక దిండు అడ్డం పెట్టి, "ఇక్కడ అయిపోయింది, అందరూ దిగండి" అని మమ్మల్ని దింపింది.

ఇంత చెప్పినా, నలుగురిలో ఇరవై రూపాయల టేపు ఇవ్వడానికి చెయ్యి రాదన్న ఇబ్బంది నిజమైనదే, దాన్ని నేను కాదనను. అందుకే ఆ మాట ముందుగా చెప్పవలసింది పిలిచే తల్లిదండ్రులు. పిలుపులోనే "బొమ్మలు వద్దు, మీకు నచ్చిన ఒక కథ పుస్తకం తెచ్చి మా పిల్లకు చదివి వినిపించండి" అని ఒక్క వాక్యం రాస్తే, రావలసినవాళ్ళ భుజం మీది బరువు సగం దిగుతుంది. మా అక్క తమ్ముడికి చెప్పగలిగింది కాని అత్తవారి వైపు చెప్పలేకపోయింది. ఆమె స్థితిలో ఎవరున్నా అంతేనేమో.

ఇకపోతే నా రిమోట్ కారును పెట్టె విప్పకుండానే అక్క నా చేతికే తిరిగి ఇచ్చేసింది. అది ఇప్పుడు నా గదిలో బీరువా పైన ఉంది. వచ్చే నెల మా ఆఫీసులో ఒక సహోద్యోగి కొడుకు మూడో పుట్టినరోజుకు పిలుపు వచ్చింది, పిలుపు చూడగానే నా చూపు ఎక్కడికి వెళ్ళిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆయనకు ఫోన్ చేసి, మీ ఇంట్లో ఇప్పటికి ఎన్ని రిమోట్ కార్లున్నాయని అడుగుదామనుకుంటూ రెండు రోజులుగా వాయిదా వేస్తున్నాను.