గుద్దినవాడి ఇన్సూరెన్స్‌తో మీ బంపర్ బాగవుతుందా?

“మీ కారుని ఎవరైనా గుద్దితే చేతి నుంచి పైసా పెట్టకండి. వాళ్ల ఇన్సూరెన్స్ కాగితం ఫొటో తీసి మీ షెడ్‌లో ఇవ్వండి, బిల్లు వాళ్ల కంపెనీయే కడుతుంది. పోలీసుల దగ్గరకు వెళ్లక్కర్లేదు. మీ ఇన్సూరెన్స్ వాడినా, తప్పు మీది కాదు కాబట్టి బోనస్ పోదు. రోడ్డు మీద డబ్బులిస్తే అవీ తీసుకోండి, క్లెయిమూ చేసుకోండి.” వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా సారాంశం ఇది. కింద ‘అందరికీ షేర్ చేయండి’ అని సరేసరి.

షెడ్‌లో కాగితం చూపిస్తే చాలన్న మాటతో మొదలుపెడదాం. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారి ఆస్తి నష్టాన్ని కూడా భరిస్తుందన్నది నిజమే. ప్రైవేటు కారు పాలసీలో ఆ పరిమితి మామూలుగా 7.5 లక్షలు, టూవీలర్‌కి లక్ష. ప్రీమియంలో కొద్దిగా కలిసొస్తుందని దాన్ని 6,000 రూపాయలకు కుదించుకునే వీలూ ఉంది. అయితే ఆ డబ్బు మెకానిక్ చేతికి నేరుగా రాదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారాలు తేల్చే కోర్టులాంటి చోట, పిటిషన్ వేయాలి, తప్పు అవతలి డ్రైవర్‌దేనని చూపించాలి. మీరు ఉంటున్న ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు, అదొక వెసులుబాటు. పిటిషన్ వేయడానికి 2019 సవరణ పెట్టిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. కారు నుజ్జయి లక్షల్లో నష్టం వస్తే ఈ దారి పట్టాల్సిందే. హెడ్‌లైట్ పగిలినందుకు వకీలుని పెట్టుకుంటే ఫీజే బిల్లుని మించిపోతుంది.

ఈ సలహా ఎక్కడిదో ఊహించగలను. డల్లాస్‌లో ఉండే మనవాళ్లు అవతలివాడి కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ పెడతారు, చాలాసార్లు పనవుతుంది కూడా. అక్కడి పద్ధతి అది. దాన్ని తెచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో వాడమంటే ఎలా?

పోలీసుల మాట సగం నిజం. చిన్న సొట్టకి మీ సొంత పాలసీ మీద క్లెయిమ్ చేస్తే సాధారణంగా ఎఫ్ఐఆర్ అడగరు. ఎవరికైనా దెబ్బ తగిలినా, ట్రిబ్యునల్‌కి వెళ్లాలనుకున్నా స్టేషన్‌లో రికార్డు లేకుండా ముందుకెళ్లడం కష్టం.

అన్నిటికంటే ఎక్కువమందికి చేతి చమురు వదిలిస్తున్నది బోనస్ సంగతి. నో క్లెయిమ్ బోనస్ అంటే మీరు క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, తప్పు చేయనందుకు కాదు. తప్పు ఎవరిదైనా మీ పాలసీ నుంచి రిపేర్ డబ్బు తీసుకుంటే, రెన్యువల్‌లో అది సున్నాకి పడిపోతుంది. బోనస్‌కి విడిగా యాడ్-ఆన్ కొనుక్కున్నవాళ్ల సంగతి వేరు.

లెక్క వేద్దాం. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మీ కారు నష్టానికి కట్టే భాగం, బోనస్ తీయకముందు 8,000, మీ బోనస్ 50 శాతం అనుకోండి. క్లెయిమ్ చేశాక వరుసగా 0, 20, 25, 35, 45 శాతం మెట్లెక్కి మళ్లీ 50కి రావాలి. అంటే మీరు పోగొట్టుకునేది 50, 30, 25, 15, 5 శాతం. మొత్తం 125 శాతం, 10,000 రూపాయలు. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి కాస్త అటూ ఇటూ. ఇటు రాబడి చూడండి. కొత్త బంపర్ 12,000 అనుకుంటే, ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగు కింద కోస్తారు. 1500 సీసీ లోపు కారుకి మరో వెయ్యి మీరే కట్టాలి. చేతికొచ్చేది 5,000. తరుగు కోయని జీరో డెప్ యాడ్-ఆన్ ఉంటే 11,000, అదీ బొటాబొటీయే. ఏజెంట్‌ని అడిగేముందు ఈ కూడికలు మీరే చేసుకోండి. క్లెయిమే మేలనిపిస్తే కంపెనీకి చెప్పి, వాళ్లు చూశాకే బంపర్ విప్పించండి. ముందే బాగు చేయించి బిల్లు పంపితే పేచీ తప్పదు.

ఇక రెండు వైపులా తీసుకోమనడం. ఇది తెలివి కాదు, మోసం. ఒకే సొట్టకి రెండుసార్లు పరిహారం ఉండదు. పైగా మీకు చెల్లించాక, గుద్దినవాడి నుంచి రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి దక్కుతుంది. ఆ హక్కుని మీరు రోడ్డు మీదే మూడు వేలకు వదిలేసి, ఆ సంగతి దాచి క్లెయిమ్ ఫారం నింపితే, బయటపడిన రోజు క్లెయిమే ఎగిరిపోవచ్చు.

చిన్న దెబ్బకి రోడ్డు మీద రాజీని నేనేమీ తప్పు పట్టను. కాకపోతే అరుపులు తగ్గాక రెండు బండ్లూ, నంబర్ ప్లేట్లూ కనపడేలా ఫొటోలు తీయండి. అవి షెడ్‌కి పంపి ఎస్టిమేట్ వచ్చాకే అంకె చెప్పండి. అతని ఇన్సూరెన్స్ బతికుందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూడొచ్చు. లేకపోతే బేరం మీ వైపే, ఎందుకంటే ఇన్సూరెన్స్ లేని బండికి మొదటిసారే 2,000 ఫైన్, మూడు నెలల దాకా జైలుకీ వీలుంది. డబ్బు యూపీఐలో తీసుకుని, ఏ బండికి ఏ దెబ్బకో రెండు ముక్కలు మెసేజ్ పెట్టించుకోండి. ‘రేపు ఇస్తాన’న్న మాట మీద మాత్రం బండి కదలనివ్వకండి.